శిథిల చర్చిలో రాణి ఎముక

పాత గోవాలోని సెయింట్ అగస్టీన్ చర్చిలో నేడు మిగిలినవి 46 మీటర్ల ఎత్తున్న సగం గోపురం, మొండి గోడలు, సమాధి ఫలకాలు. 1602లో పూర్తయిన ఈ కట్టడం పైకప్పు 1842లో కూలింది. ముఖభాగం, సగం గోపురం 1931లో పడిపోయాయి.

జార్జియాలోని కఖేతి రాజ్యపు రాణి కెటెవాన్ మతం మారనన్నందుకు, పర్షియా చక్రవర్తి షా అబ్బాస్ 1624లో షిరాజ్‌లో ఆమెను చిత్రహింసలు పెట్టి చంపించాడు. అగస్టీనియన్ సన్యాసులు ఆమె అస్థికలు కొన్నింటిని గోవా చేర్చారు. మఠంలోని ఒక ప్రార్థనాలయంలో, రెండో కిటికీ దగ్గర రాతిపెట్టెలో వాటిని ఉంచారని పోర్చుగీసు పత్రాలు చెబుతున్నాయి. ఆనవాలు బాగానే ఉంది. కాని గోడలే కూలిపోతే కిటికీలు లెక్కపెట్టేదెలా? భారత పురావస్తు శాఖ ముందు శిథిలాలు తొలగించి, మఠం ప్లాను తేల్చుకోవలసి వచ్చింది.

దొరికిన ఎముకలు హైదరాబాదులోని సీసీఎంబీకి చేరాయి. సంతానానికి తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏను అక్కడ పరీక్షించారు. ఒక ఎముకలో యు1బి అనే వర్గం కనిపించింది. జార్జియాలో ఉన్న ఈ వర్గం, పోల్చి చూసిన భారతీయుల నమూనాల్లో లేదు. మిగతా రెండు ఎముకలవి మన దేశంలో కనిపించే వర్గాలే. ఫలితాలు 2014లో ప్రచురితమయ్యాయి. ఎముక ఫలానా రాణిదేనని ఈ పరీక్ష ఒక్కటే చెప్పలేదు. ఒకే తల్లి వరుసలో ఎందరో ఉంటారు కదా! పత్రాలు చెప్పిన చోట ఆ వర్గపు ఎముక దొరకడంలోనే అసలు బలముంది. అస్థికల్లో కొంత భాగాన్ని 2021లో భారత ప్రభుత్వం జార్జియాకు అందజేసింది.