ఓటు, నేల, నీరు - ఒక పొరుగువానితో వాదం

2024 ఏప్రిల్, మే నెలలలో నేను షార్జాలో మా అబ్బాయి ఇంట ఉన్నాను. ఎదురింటిలో ముల్తానుకు చెందిన విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఉండేవారు. ఆయనా నావలెనే కొడుకును చూడవచ్చినవారు. నావలెనే బడిలో చరిత్ర చెప్పినవారు. వనపర్తి బజారులో నాకు పట్టుబడిన ఉర్దూ మా ఇద్దరికీ వారధి అయినది. ఫిబ్రవరి 8న వారి దేశంలో ఎన్నికలు ముగిసినవి. మా నాగర్‌కర్నూలు లోక్‌సభ స్థానానికి మే 13న పోలింగు. ఇక మా సాయంత్రాలు దేనితో గడిచినవో వేరే చెప్పనక్కరలేదు.

ఒకనాడు ఆయన అన్నారు: "మాస్టర్ సాబ్, మీ ప్రజలకు 1952 నుండి ఓటున్నది. మాకు వయోజనులందరూ పాల్గొన్న సార్వత్రిక ఎన్నిక 1970 డిసెంబరు దాకా రాలేదు. అయినా మీ తెలుగు కూలీ, మా పంజాబు కూలీ తెల్లవారకముందే ఒకే బస్సెక్కి ఒకే పనికి పోతున్నారు. మీ ఓటు ఏమి చేసినట్లు?"

ఈ ప్రశ్నకు దేశాభిమానంతో జవాబు చెప్పడం సులువు. చరిత్రతో జవాబు చెప్పడం కష్టం. ఆనాడు నేను సులువైన దారినే పట్టినాను. 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి వరకు జరిగిన మన మొదటి ఎన్నికలలో 17 కోట్లకు పైగా ఓటర్లుండిరి. వారిలో అత్యధికులు అక్షరం రానివారు. చదువు, ఆస్తి అనే అర్హతలు అడగకుండా వారందరికీ ఒక్కసారిగా ఓటిచ్చిన దేశం మాది అన్నాను. ఆయన కాదనలేదు. తమ దేశంలో 1958లో అయూబ్‌ఖాన్ అధికారం చేజిక్కించుకొనుట, 80,000 మంది 'బేసిక్ డెమోక్రాట్లకు' మాత్రమే అధ్యక్షుని ఎన్నుకొనే హక్కుండుట, ఆ పద్ధతిలోనే 1965 జనవరిలో ఫాతిమా జిన్నా ఓడిపోవుట - అన్నీ ఆయనే చెప్పినారు. 1970లో గెలిచిన అవామీ లీగుకు అధికారం అప్పగించనందువల్లనే దేశం రెండుగా చీలినదని కూడా ఆయనే ఒప్పుకొన్నారు. ఇంతవరకు ఏ ప్రధానమంత్రీ అయిదేళ్ల గడువు పూర్తి చేయలేదన్నప్పుడు ఆయన గొంతులో బాధ వినిపించినది.

నేను గెలిచినాననుకొన్నాను. అప్పుడాయన, "సరే, భూమి మాట చెప్పండి" అన్నారు.

పాకిస్తానులో 1959 భూసంస్కరణ ఒక్కొక్క కామందుకు 500 ఎకరాల మాగాణి, లేదా 1,000 ఎకరాల మెట్ట ఉంచుకోనిచ్చినది. 1972లో భుట్టో దానిని 150, 300 ఎకరాలకు తగ్గించినాడు. 1989లో సుప్రీంకోర్టు షరియత్ ధర్మాసనం భూపరిమితి మతానికే విరుద్ధమని తీర్పు చెప్పినది. "మా జమీందారు సైన్యం నీడన, మతం నీడన బతికినాడు. మీ దొర ఎవరి నీడన బతికినాడు?" అని ఆయన అడిగినారు. ఈ ప్రశ్న నన్ను తిన్నగా మా ఊరికి తెచ్చినది.

గద్వాల, వనపర్తి నిజాము ఏలుబడిలోని సంస్థానాలు. 1949 జాగీర్ల రద్దుతో అవి పోయినవి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చినది. 1952లో వనపర్తి ప్రజలు హైదరాబాదు శాసనసభకు కాంగ్రెసు పక్షాన నిలిచిన సురవరం ప్రతాపరెడ్డిగారిని పంపినారు. నిజాము రాజ్యంలో 'గోలకొండ పత్రిక' నడిపి, రాజుల కథలు కాక జనుల బతుకు చరిత్ర అని 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాసిన మనిషి ఒక సంస్థానపు రాజధాని నుండి ఎన్నికగుట చిన్న విషయం కాదు. కాని 1953లో ఆయన కన్నుమూసినారు. 1957లో వనపర్తి రాజా రామేశ్వరరావుగారు లోక్‌సభకు ఎన్నికైనారు. 1962లో ఆ ఇంటి కుముదినీదేవిగారు వనపర్తి నుండి శాసనసభకు వెళ్లినారు. వ్యక్తులుగా వారిని నిందించుట నా ఉద్దేశం కాదు. ఆ రాజభవనంలో ఈనాడు పాలిటెక్నిక్ నడుస్తున్నది. అయితే సంస్థానం రద్దయిన పదమూడేళ్లలోపే అదే కుటుంబం ప్రజల ఓటుతోనే ఢిల్లీకి, హైదరాబాదుకు పోయినదంటే దాని అర్థమేమి? చట్టం బిరుదును తీసివేసినది, పలుకుబడిని తీసివేయలేదు. మా దొర బ్యాలెట్ పెట్టె నీడన బతికినాడని ఒప్పుకొనక తప్పలేదు.

మరి ఓటు అంతటా ఇట్లే నడిచినదా? లేదు. మా నాగర్‌కర్నూలుకు ఆనుకొని ఉన్న నల్లగొండ జిల్లాను చూడండి. అక్కడ 1946 నుండి 1951 వరకు రైతులు భూమికోసం ప్రాణాలొడ్డి పోరాడినారు. ఫలితంగా 1952లో రావి నారాయణరెడ్డిగారు లోక్‌సభకు దేశమంతటిలోకి ఎక్కువ ఓట్లతో గెలిచినారు. కమ్యూనిస్టు పార్టీపై నిషేధమున్నను, పి.డి.ఎఫ్. పేరుతో నిలిచినవారికి హైదరాబాదు శాసనసభలో 42 స్థానాలు దక్కినవి. ఓటు చీటీ నల్లగొండలోను, పాలమూరులోను ఒక్కటే. దాని వెనుక నిలిచిన సంఘబలం వేరు.

ఇక నీటి సంగతి. గద్వాల కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ. రెండు నదులు చెరొక పక్క పారుతుండగా నడుమనున్న నేల వానకు ఎదురుచూచుట మా ప్రాంత చరిత్ర. రాజోలిబండ మళ్లింపు పథకం కింద గద్వాల, ఆలంపూరు భూములకు 87,500 ఎకరాల ఆయకట్టు కాగితం మీద ఉన్నది. చివరి భూములకు నీరందక దశాబ్దాలుగా తగవులే. జూరాలకు 1981లో పునాదిరాయి పడితే 1996లో గాని ప్రారంభం కాలేదు. శ్రీశైలం జలాశయం కృష్ణకు రెండు వైపులా కలిపి వందకు పైగా ఊళ్లను ముంచినది. ఆనకట్టలకు మట్టి మోసినవాడు మాత్రం పాలమూరు కూలీ. గుంపు మేస్త్రీ ఇచ్చిన బయానా పుచ్చుకొని, ఆ బాకీ తీరేదాకా ఆలుబిడ్డలతో ఊరూరా తిరిగి పనిచేసినవాడు వాడే.

ఇది విని ముల్తాను మాస్టరు, "మాకు కాలువలున్నవి, నేల మాత్రం జమీందారుది. మీ కూలీకి ఇంత చెలక ఉన్నది, నీరు లేదు. కడుపు ఇద్దరిదీ ఒకటే" అన్నారు. అప్పుల మాట కూడా వచ్చినది. 1991లో మనం బంగారం కుదువబెట్టి అంతర్జాతీయ ద్రవ్యనిధి గుమ్మమెక్కినాము. వారు ఎన్నిమార్లు ఎక్కినారో లెక్కలేదు. మా సంభాషణ అయిన కొద్దినెలలకే, 2024 సెప్టెంబరులో, వారికి మరి 700 కోట్ల డాలర్లు మంజూరైనవి. ఋణదాత షరతులు ఓటరు ముందుకు రావు. మనదేశంలోనూ 1991 తరువాత ప్రభుత్వాలెన్ని మారినా ఆర్థిక విధానపు ప్రధాన దిశ మారలేదు.

అయితే ఓటు వ్యర్థమా? ఆయన దాదాపు అట్లే అన్నారు. అక్కడ నేను విభేదించినాను. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ఈనాడు ఒకే లోక్‌సభ స్థానంలో ఉన్నవి. ఆ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు. ఒకప్పటి సంస్థానాల గడ్డ నుండి దళితుడు తప్ప మరొకరు ఢిల్లీ సభకు పోలేరు. ఇది ఎవరి దయా కాదు. రాజ్యాంగం ఇచ్చిన హక్కు. పాలమూరు నీటి గోడును ఏ పార్టీ అయినా నోరెత్తక తప్పని ప్రశ్నగా మార్చినది కూడా ఓటు భయమే. వాగ్దానాలు తీరలేదు, నిజమే. కాని వాగ్దానం చేసినవానిని నిలదీయుటకు ఒక రోజంటూ ఉన్నది. ముల్తాను మాస్టరు తన జీవితంలో అటువంటి రోజుకోసం ఎన్నేళ్లు ఎదురుచూచినారో ఆయనే చెప్పినారు గదా!

మే 13 వచ్చినది. నా ఓటు వనపర్తిలో, నేను షార్జాలో. విదేశాలలోని భారతీయుడు ఓటరుగా నమోదు కావచ్చును. కాని స్వయంగా పోలింగు కేంద్రానికి పోవలెను. భవనాలు కట్టే కూలీకి అంత సెలవెవరిస్తారు? అక్కడ వానికి సంఘం పెట్టుకొనే హక్కు కూడా లేదు. మా ఊళ్లలో మరొక వింత ఉన్నది: ఎన్నికలు వస్తే పార్టీలవారు ముంబయి, పుణెలలోని పాలమూరు కూలీలను బస్సులు పెట్టి రప్పిస్తారు. ఓటు పడిన మరునాడు కూలీ మళ్లీ బస్సెక్కుతాడు. ఒక్కరోజు పౌరుడు, మిగిలిన రోజులు వలస కూలీ.

పొరుగువాని మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: ఓటు తప్పు చేయలేదు, దానిని మనం ఒంటరిగా వదిలినాము. నల్లగొండలో ఓటుకు ముందు సంఘం నడిచినది. పాలమూరులో ఓటుకు ముందు బస్సు నడుస్తున్నది. విద్యార్థులూ, ఉపాధ్యాయులూ పని మొదలుపెట్టవలసినది ఎన్నికలనాడు కాదు, ఆ బస్సు తిరిగి వెళ్లిపోయిన మరునాటి నుండి.