వాన, ధాన్యపు ధర, చలిజ్వరము

వర్షము లేనిదే పంట లేదు. పంట లేనిదే ప్రజకు మనుగడ లేదు. అట్టి వర్షమే కొన్ని యేండ్లు జ్వరమును వెంటబెట్టుకొని వచ్చును. వానకును జ్వరమునకును నడుమనున్న దోమను గుర్తించుటకు మానవులకు వేల యేండ్లు పట్టినది.

సుశ్రుతుడు తన సంహితలో దోమలను ఐదు తెగలుగా విభజించి, పర్వతములందలి దోమకాటు ప్రాణాంతక కీటకముల కాటువంటిదని చెప్పెను. అంతమాత్రమున చలిజ్వర కారణము ఆయనకు తెలిసియుండెనని చెప్పరాదు. పాశ్చాత్యులును చిరకాలము బురదనేలల చెడుగాలియే దీనికి మూలమని తలచిరి. మలేరియా యను ఇటలీ మాటకు అర్థ మదియే. 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో రోగుల రక్తమందు ఒక సూక్ష్మజీవిని చూచెను. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డు రాస్, రోగి రక్తము త్రాగిన దోమ కడుపులో ఆ జీవి పెరుగుచుండుట కనుగొనెను. ఇంతటి సత్యము తెలుగునేలపై వెల్లడియగుట స్మరణీయము.

ఆ జీవి దోమలో పక్వమగుటకు తగిన వేడి యున్నచో ఇంచుమించు పది పండ్రెండు దినములు చాలును. చలి హెచ్చినచో పెరుగుదల నిలిచిపోవును. గాలిలో తేమ యున్నచో దోమ ఎక్కువకాలము బ్రతుకును. పొడిగాలిలో ఆ జీవి పక్వము కాకమునుపే చచ్చును. కావుననే ఉత్తర దేశమున వానలు వెనుకపట్టి, చలి ముదురకమునుపు జ్వరము విజృంభించును.

1907లో పంజాబున వానలు తప్పి ధాన్యము ప్రియమయ్యెను. 1908లో వానలు మితిమీరి పల్లములన్నియు నీట మునిగెను. ఆ యేటి అక్టోబరు, నవంబరు మాసములలోనే మూడు లక్షలకు మించిన జనులు జ్వరముచే మరణించిరి. వానలెక్క, ధరలెక్క, మరణముల లెక్క వేర్వేరు పుస్తకములలో నుండును. క్రిస్టోఫర్స్ అను వైద్యుడు ఆ మూటిని కలిపి చదివెను. జ్వరము వ్యాపించుటకు వానయు, అది ఇందరి పాలిట మృత్యువగుటకు ఆకలియు తోడైనవని 1911 నాటి తన నివేదికలో చూపెను.

సింహళమున 1934లో ఇందుకు విపరీతము జరిగెను. అచట వాన తప్పినది. ఎల్లకాలము ప్రవహించు నదులు మడుగులుగా చీలిపోయెను. పారునీట నిలువజాలని దోమపిల్లలు ఆ మడుగులలో వృద్ధిపొందెను. జ్వరమునకు అలవాటుపడని ప్రజలు, అందులోను పంటలు పోయి కృశించినవారు, కొలది మాసములలో ఎనుబదివేల వరకు మడిసిరి. కాబట్టి అతివృష్టియో అనావృష్టియో కాదు, నీరు ఎచ్చట నిలిచినదన్నదే ప్రశ్న.

భారతదేశమున 1953లో మలేరియా నివారణోద్యమ మారంభమయ్యెను. డి.డి.టి. చల్లుటచే వ్యాధి తగ్గి, 1965లో ఒక్క మరణమును నమోదు కాలేదు. పిమ్మట దోమలు మందునకు లొంగకపోవుటచేతను, జనులు ఏమరుటచేతను, 1976 నాటికి రోగుల సంఖ్య 64 లక్షలు దాటెను. మన్యపు సెలయేళ్లలో ఒక తెగ దోమయు, కాలువలలో వేరొక తెగయు పుట్టుచున్నవి. నీటి యెద్దడిలో ఇండ్లయందు నిలువచేసిన కుండలు, తొట్లు డెంగీ దోమకు నెలవులగుచున్నవి.

వానను శాసించుట ఎవరికిని సాధ్యము కాదు. గుంతలు పూడ్చుట, కాలువల నాచు తీయుట, కుండపై మూత యుంచుట, కరవునాట బీదవానికి గింజలందించుట మాత్రము గ్రామము చేతిలోని పనులే. చరిత్ర బోధించునది యిదియే.