వకీలు బాధకు పేషీ ఏది?

ఆ తుమ్మ మొద్దు జర మంట లోపలికి జరుపుండ్రి. దయ్యాల ముచ్చట చెప్పమంటె దయ్యాలది చెప్త, వకీళ్లది చెప్పమంటె వకీళ్లది చెప్త. మీరు ముగ్గురు ఈ మధ్యనే నల్లకోటు తొడిగిన్రు. ఒకలది జనగామ, ఒకలది మానుకోట దిక్కు తండా, ఒకలది భూపాలపల్లి బొగ్గుబాయి క్వార్టర్లు. అయితె వకీళ్లదే చెప్త. దయ్యాలకంటె అదే జర భయం.

నేను వకీలును గాను బిడ్డా, వకీలు గుమస్తాను. ఫైళ్ల కట్ట చంకల పెట్టుకొని తిరుగుడు, కోర్టు ఫీజు స్టాంపులు అంటిచ్చుడు, నకలు కోసం కిటికీ ముంగట నిలబడుడు, పార్టీకి వాయిదా తారీఖు చెప్పుడు, ఇదే నా బతుకు. జడ్జి ముంగట వకీలు ఎట్లుంటడో ఊరందరికి ఎరుకే. ఇంటికొచ్చి కోటు తీసినంక ఎట్లుంటడో గుమస్తాకే ఎరుక.

నేను పనిల చేరిన కొత్తల ముసలి ముహరిర్లు, అంటె ఎనుకటి రాతగాళ్లు, ఇంకా ఉండిరి. నిజాం కాలంల కోర్టు కాయితమంత ఉర్దూల నడిచింది. నిజాం పాలన పోయినంక మెల్లమెల్లగ ఇంగ్లీషుకు మారింది. తెలుగు మాట్లాడే పార్టీకి అప్పుడూ సమజ్ కాలే, ఇప్పుడూ సమజ్ కాదు. అది పక్కన పెట్టుండ్రి.

ఈ దిక్కున కోర్టు ముచ్చట తీస్తె ముందు పాలకుర్తి అయిలమ్మ పేరే వస్తది. విస్నూరు దేశ్‌ముఖ్‌తోటి భూమి కొట్లాట. ఆమె దిక్కున నిలబడ్డ వకీలు కొండా లక్ష్మణ్ బాపూజీ. పద్మశాలి ఇంట్ల పుట్టిన వకీలు, చాకలి ఇంటి ఆడమనిషి కేసు పట్టి దొర మీద కొట్లాడిండు. ఆ ధైర్యం ముచ్చట మా చిన్నప్పుడు గూడ ఇట్లనే మంట కాడ చెప్పుకుంటుండిరి. కేసు నడిచినన్ని రాత్రులు ఆ ఇండ్లల్ల ఎవరికి నిద్ర పట్టింది, ఎవరికి పట్టలేదన్నది మాత్రం ఎవరు చెప్పలే. వకీలంటె ధైర్యం, వకీలంటె నోరు. వకీలుకు మనసుంటదని, అది అలుస్తదని అనుకున్నోళ్లు లేరు.

1997-98ల పత్తి కరాబైన ఏడు మీరు ఇంకా పుట్టలే. లద్దెపురుగు పడి చేన్లకు చేన్లు పోయినయి. ఉమ్మడి వరంగల్ జిల్లాల ఎంతమంది రైతులు పానాలు తీసుకున్నరో దేశమంత పేపర్లల్ల చదివింది. బతికి బయటపడ్డోళ్ల సంగతి మాత్రం పేపర్ల రాలే. వాళ్ల మీద కేసు. ఐపీసీ 309. సావబోయి బతికినందుకు ఏడాది దాక జైలన్నా పడొచ్చు, జుర్మానా అన్నా పడొచ్చు. దవాఖాన మంచం కాడికే పోలీసు కాయితం పట్టుకొని వస్తుండె. ఆ కేసులు మా వకీలు సారు ఫీజు లేకుండనే చూస్తుండె. ఒక రైతు వరండల కూసుండి, "అప్పోడు తిట్టిండు, పంట తిట్టింది, ఇప్పుడు సర్కారు గూడ తిడ్తదా సారూ?" అన్నడు. మా సారు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు, ఏం అనలే.

అసలు ఆ సెక్షన్ సంగతే ఒక పెద్ద ముకద్దమా. 1986ల బొంబాయి హైకోర్టు అది చెల్లదన్నది, తర్వాత మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుతదన్నది. 1994ల సుప్రీంకోర్టు కొట్టేసింది, 1996ల ఐదుగురు జడ్జీలు కూసుండి మళ్ల నిలబెట్టిన్రు. 2017ల మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చినంక గని ఈ దేశంల, అట్ల చేసినోడు తట్టుకోలేని ఒత్తిడిల ఉన్నడని అనుకోవాలె, వానికి శిక్ష కాదు వైద్యం కావాలె అన్న మాట చట్టంల పడలే. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితల 309కి సాటి సెక్షనే లేదు. సర్కారు నౌకరును ఆపెతందుకో, ఆయనతోని పని చేయించుకునెతందుకో సావబోతె మాత్రం 226 సెక్షన్ ఉన్నది. చూసుకొని వాదించుండ్రి.

ఇసొంటి ముచ్చట్లు పొద్దంత ఇని, మాపటికి ఇంటికి పోయే వకీలు ఎవరికి చెప్పుకోవాలె? ఇంట్ల చెప్పొద్దు, పార్టీల సంగతి బయటికి పోవద్దు. బార్ హాలుల చెప్తె ఎదుటి వకీలుకు లోకువ.

కొన్నేండ్లకు మా సారుకే మనాది పట్టుకున్నది. తెల్లారగట్ల లేసి ఫైలు ముంగటేసుకొని కూసుంటుండె, ఒక్క పేజీ తిప్పకపోతుండె. కోర్టుల కేసు పిలిస్తె లేవకపోతుండె. ఒక కేసుల జవాబు దావా ఏసే తారీఖు దాటిపోయి ఎక్స్‌పార్టీ అయింది. గట్టి వకీలు, అసొంటి తప్పు జన్మల చెయ్యనోడు. ఇంట్ల అమ్మ దిష్టి తీసింది, కొమురెల్లి మల్లన్నకు పట్నం ఏస్తనని మొక్కుకున్నది. బార్ హాలుల అడిగినోళ్లకు షుగర్ ఎక్కువైందని చెప్పమన్నరు. షుగర్ అంటె మర్యాద ఉంటది బిడ్డా. మనసు బాగలేదంటె "ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తోలుండ్రి" అని నవ్వుతుండిరి. ఆ మాట పార్టీల చెవుల పడ్డదా, తెల్లారె వరకు ఫైళ్లు వాపసు తీసుకపోతరు. డాక్టర్‌కు జరమొస్తె రోగులు ఓపిక పడ్తరు గని, వకీలుకు మనాది వస్తె పార్టీ ఓపిక పట్టడు.

ఆఖరుకు హైదరాబాద్‌ల ఎవరిదో పెండ్లి ఉన్నదని చెప్పి తీస్కపోయిన్రు. డాక్టర్ గోలీలు రాసిండు, నెలకోసారి వచ్చి మాట్లాడమన్నడు. ఆరు నెలలు పట్టింది నిమ్మళమయ్యెతందుకు. ఆ ఆరు నెలలు మమ్ముల నిలబెట్టింది ఎవరనుకున్నరు? మా సారుతోటి కోర్టుల ఎప్పుడు కొట్లాడే వకీలే. ఒకనాడు పొద్దుగాల ఆయనే మా ఆఫీసుకొచ్చి, "డైరీ ఇటియ్యి" అన్నడు. ఏ కేసుకు ఏ తారీఖో రాసుకున్నడు. మా సారు పేరు పిలిచినప్పుడల్లా లేసి, ఒంట్ల బాగలేదు, వాయిదా ఇయ్యుండ్రని అడిగిండు. అడగతందుకు వీలుకాని కాడ ఆయనే వాదించిండు. వచ్చిన ఫీజు కవర్ల పెట్టి అమ్మకు పంపిండు. ఒక్క పార్టీని గూడ తన దిక్కు గుంజుకోలే. మా సారు మళ్ల కోటేసుకొని వచ్చిన నాడు మొదటి కేసు ఆ వకీలు మీదనే. ఇద్దరు మళ్ల అరుసుకున్నరు. నాకు మస్తు సంబురమనిపించింది.

అయితె మా సారుకు పేరుండె, సొంతిల్లుండె, ఆదుకునే మనిషుండె. ఇవేవీ లేనోళ్ల సంగతి చెప్పాలె. ఈ ముచ్చట ఎత్తుకున్నదే అందుకు.

మానుకోట దిక్కు తండా నుంచి ఒక పిలగాడు వచ్చిండు. సుబేదారి లా కాలేజీల చదివిండు. లంబాడోళ్లను ఎస్టీల చేర్చిన 1976 చట్టం పుణ్యమా అని ఆ ఇంట్ల బడికి పోయిన మొదటోడు. తండా ముసలోళ్లు వస్తె వాళ్ల గోర్ మాటల కథంత ఇని, తెలుగుల చెప్పి, ఇంగ్లీషుల రాస్తుండె. ఏజెన్సీ భూమి కేసు, 1970ల మార్చిన ఆ 1 ఆఫ్ 70 రెగ్యులేషన్, అన్ని వానికి నోటికొచ్చు. గని బార్ హాలుల వాని జాగ తలుపు కాడి బెంచీ. పార్టీలను తెచ్చేటప్పుడు "మనోడే", వాదించేటప్పుడు "నువ్వు కూసో". సీనియర్ ఇచ్చేది చాయ పైసలు, పండుగకు ఐదు వందలు. మూడేండ్లకు కోటు మడిచిపెట్టి హైదరాబాద్‌ల సెక్యూరిటీ నౌకరికి పోయిండు. "తట్టుకోలే, మనసు గట్టిది కాదు" అన్నరు బార్ల. మనసుకు తక్కువ లేదు, బస్సు కిరాయికి తక్కువైంది.

ఇప్పుడు లెక్కలు జర మారినయి. ఎన్‌రోల్‌మెంట్ కోసమే ఒక రాష్ట్రంల 15 వేలు, ఇంకో కాడ 40 వేలు దాటి గుంజుతుండిరి. 1961 అడ్వకేట్స్ చట్టంల రాసింది 750 రూపాయలే, ఎస్సీ ఎస్టీలకు 125. అంతకు మించి తీసుకోవద్దని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పేదింటోళ్లను, కింది కులాలోళ్లను గడప బయటనే ఆపినట్టు అయితదని అండ్లనే రాసిన్రు. అదే ఏడు అక్టోబర్ల బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్నంల 20 వేలు, ఊర్లల్ల 15 వేలు నెలకు ఇయ్యాలని సర్క్యులర్ తీసింది. అది సలహానే, హుకుం కాదు. 2019ల ఆంధ్రల సర్కారే లా నేస్తం అని నెలకు 5 వేలు ఇచ్చుడు షురూ చేసింది. మళ్ల 2025 మే 20న, సివిల్ జడ్జి పరీక్షకు మూడేండ్ల ప్రాక్టీసు కావాలని సుప్రీంకోర్టు చెప్పింది. అనుభవం మంచిదే. ఆ మూడేండ్లు తిండెట్ల అన్న ముచ్చట తండా పిలగాన్ని అడగాలె.

ఇగ ఆడపిల్లల సంగతి. బ్రిటిష్ ఇండియాల 1923ల చట్టం తెస్తె గని ఆడామె వకీలైతందుకు అడ్డు పోలే. మన హైకోర్టుల మొదటి మహిళా జడ్జి జస్టిస్ అమరేశ్వరి, అది 1978. తెలంగాణ హైకోర్టుకు మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి హిమా కోహ్లీ, అది 2021 జనవరి. పైన అట్ల ఉంటె, కింది కోర్టుల ఒక ఆడ వకీలు పొద్దుగాల నుంచి సాయంత్రం దాక నీళ్లు తాగకపోతుండె. ఎందుకమ్మా అంటె, "పోయెతందుకు జాగ లేదు తాతా" అన్నది. ఎండకాలం, మీద నల్లకోటు. తలనొప్పి, మూత్రం మంట, చిరాకు, అన్ని కలిసి ఇంటికి పోయి ఏడుస్తుండె. కౌన్సెలింగ్ అన్నా, యోగా అన్నా ఆమెకేం కావాలె? తలుపుకు గొళ్లెమున్న ఒక గది కావాలె. 2025 జనవరి 15న సుప్రీంకోర్టు అన్ని కోర్టులల్ల ఆడోళ్లకు, మగోళ్లకు, దివ్యాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు మరుగుదొడ్లు కట్టాలని చెప్పింది. స్వతంత్రం వచ్చి 77 ఏండ్లు దాటినంక. అదే ఏడు మార్చి 3న, చూపు లేనోళ్లను జడ్జి నౌకర్ల నుంచి బయట పెట్టొద్దన్నది. మంచి మాటలే, ఆలస్యంగ వచ్చినయి.

భయం ముచ్చట గూడ చెప్పాలె, భూపాలపల్లి బిడ్డ ఉన్నది గదా. మీ దిక్కు అడవి, ఒకప్పుడు ఎన్‌కౌంటర్లు, టాడా కేసులు. హక్కుల సంఘంల తిరిగిన వకీలు నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991 డిసెంబర్ 7న వరంగల్‌ల సంపిన్రు. ముప్పై ఏండ్లకు, 2021 ఫిబ్రవరి 17న, మంథని కోర్టు నుంచి వాపసు పోతున్న ఆలుమగలు గట్టు వామన్‌రావు, నాగమణి, ఇద్దరు హైకోర్టు వకీళ్లు, వాళ్లను పట్టపగలు రోడ్డు మీద నరికిన్రు. 2025ల సుప్రీంకోర్టు ఆ కేసును సీబీఐకి అప్పజెప్పింది. ఆ నాటి నుంచి ఎన్ని ఇండ్లల్ల ఆలి "ఆ కేసు పట్టకు" అని అన్నదో, ఎంతమంది వకీళ్లు మోటర్‌సైకిల్ అద్దంల ఎనుకకు చూసుకుంట పోతున్నరో ఏ రికార్డుల లేదు. కర్ణాటక, రాజస్థాన్ అసెంబ్లీలు 2023ల వకీళ్ల రక్షణకు బిల్లులు పాస్ చేసినయి.

మనదొక్కటే అసొంటి లోకమనుకోకుండ్రి. 2016ల అమెరికాల 12 వేల పైచిలుకు వకీళ్లను అడిగితె, వంద మందిల 28 మందికి కుంగుబాటు, 21 మందికి తాగుడు ఇబ్బంది అని తేలింది. 2021ల ఇంటర్నేషనల్ బార్ అసోసియేషన్ లోకమంత అడిగింది. చిన్న వయసోళ్లు, ఆడోళ్లు, దివ్యాంగులు, తక్కువ సంఖ్యల ఉన్న జాతులోళ్లు ఎక్కువ నలుగుతున్నరని అదే చెప్పింది. పైకి చెప్తె నౌకరి పాడైతదని భయపడెటోళ్లు గూడ మస్తుమంది. చూసిన్రా, లండన్ల గూడ షుగర్ అనే చెప్పుకుంటున్నట్టున్నరు.

2025 జులై 25న, విశాఖపట్నంల ఒక చదువుకునే పిల్ల సావు కేసుల, మానసిక ఆరోగ్యం గూడ ఆర్టికల్ 21 కింద బతికే హక్కుల భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు నియమాలు పెట్టింది. ఆ తీర్పు పట్టుకొని వాదించే వకీళ్ల బార్ హాలుకు మాత్రం అండ్ల అసొంటి నియమం ఏది పెట్టలే.

2016 అక్టోబర్ 11న మన దిక్కు కొత్త జిల్లాలు అయినయి, 2022 జూన్ 2న జిల్లా కోర్టులు వచ్చినయి. భూపాలపల్లోళ్లు పరకాల, వరంగల్ తిరుగుడు తప్పింది. కోర్టు ఇంటి కాడికి వచ్చింది, గని పెద్ద బార్ల నలుగురు ఎరుకున్నోళ్ల నడుమ ఉండే జూనియర్, చిన్న బార్ల ఒంటరైండు. వాని మొకం చూసి అడిగే ముసలి గుమస్తాలు గూడ తక్కువైన్రు.

అందుకే జనగామ, మానుకోట, భూపాలపల్లి బార్ పెద్దమనుషులకు మీ నోటితోని నా మనవి చెప్పుండ్రి. టెలి మానస్ నంబరు 14416, 2022 అక్టోబర్ల షురూ అయింది, పైసలు కావు, రాత్రింబగళ్లు తెలుగుల మాట్లాడ్తరు. దాన్ని కాజ్‌లిస్టు పక్కన అంటియ్యుండ్రి. మనసు బాగలేనోని డైరీ ఇంకొకలు తీసుకోండ్రి, ఆ నాటి ఎదుటి వకీలు తీసుకున్నట్టు. ఆడపిల్లల గదికి తాళం చెవి వాళ్ల చేతికే ఇయ్యుండ్రి. సీనియర్ సాబులు, మీ జూనియర్‌కు ఒకటో తారీఖున జీతం ఇయ్యుండ్రి.