కంప్యూటరు ఎరిగిన కాలమండలము

లైనక్స్ కంప్యూటరు టెర్మినల్‌లో 'డేట్' అను ఆదేశమును టైపు చేసినచో తేదీ, వేళ, వాని ప్రక్కన 'ఐఎస్‌టీ' అను మూడక్షరములు కనబడును. ఇవి భారత ప్రామాణిక కాలమునకు గుర్తు. కాని ఇజ్రాయెల్ ప్రామాణిక కాలమునకు, ఐర్లండు వేసవి కాలమునకు కూడ ఇవే అక్షరములు వాడుదురు. సందేహము తీరవలెనన్న 'ఈటీసీ' ఫోల్డరులోని 'లోకల్‌టైమ్' అను లంకె ఏ ఫైలును చూపుచున్నదో పరిశీలింపవలెను. మన దేశపు కాలమునకు అమర్చిన యంత్రములో అది సాధారణముగా 'ఏషియా/కోల్‌కతా' అను ఫైలును చూపును.

గ్రీనిచ్ కంటె ఐదున్నర గంటలు ముందు అని ఒక్క సంఖ్య వ్రాసికొనిన చాలదా? నగరము పేరెందుకు? సమాధానము చరిత్రలో ఉన్నది.

పూర్వము ఏ ఊరికి ఆ ఊరి మధ్యాహ్నమే కాలమానము. గ్రీనిచ్ కంటె బొంబాయి సుమారు 4 గంటల 51 నిమిషములు, కలకత్తా 5 గంటల 53 నిమిషములు ముందుండెడివి. రైళ్ళు వచ్చిన పిమ్మట ఈ తేడా చిక్కు తెచ్చినది. అందుచేత ఆ రెంటికి నడుమనున్న మద్రాసు కాలమును రైల్వేలు చేపట్టినవి. 1802లో మద్రాసు నక్షత్రశాలలో జాన్ గోల్డింగ్‌హామ్ నిర్ణయించిన ఆ కాలము గ్రీనిచ్ కంటె సుమారు 5 గంటల 21 నిమిషములు ముందు. 1906 జనవరి 1న, 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ఆధారముగా ఐదున్నర గంటల లెక్క వచ్చినది. ఆ రేఖ మన కాకినాడకు సమీపముగా పోవుచున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు, గడియారములను మరి ఒక గంట ముందుకు జరిపిరి.

మద్రాసు కాలము, 1906 నాటి మార్పు, యుద్ధకాలపు గంట — ఇవి ఆ ఫైలులో నమోదై యున్నవి. ఇట్టి ఫైళ్ళ సంపుటిని 1980 దశకమున అమెరికాలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ ప్రారంభించెను.

యంత్రము లోలోపల 1970 జనవరి 1 మొదలు సెకండ్లను మాత్రమే లెక్కించును. అంతకు పూర్వపు క్షణములకు ఋణసంఖ్యలు వాడును. వానిని మన వేళగా మార్చునది ఈ ఫైలే. 1943 నాటి తంతి కాగితముపై మధ్యాహ్నము 12 గంటలని ఉన్నచో, అప్పుడు గ్రీనిచ్‌లో ఉదయము 5.30. నేటి లెక్క వాడినచో 6.30 అని వచ్చును, గంట తప్పును. ఒక్క సంఖ్య నేటి వేళను మాత్రమే చెప్పగలదు. నిన్నటి వేళను కూడ సరిగా చెప్పవలెనన్న, చరిత్రను మోసెడి పేరు కావలెను.