పోటు తిరిగేలోగా

చెప్పులు విప్పకు. ఈ రాయి కాలు కోస్తుంది.

చింతపల్లి లైట్‌హౌస్ వెనకబడింది. ఇసుక అయిపోయింది. ఇక్కణ్ణించి అంతా నల్లరాయే, దాని మీద పచ్చగా నాచు. బరువు మోపే ముందు ప్రతి అడుగూ నొక్కి చూసుకో. ఎడమచేతిలో బకెట్టు, కుడిచేతిలో దోమతెర గుడ్డతో కుట్టిన చిన్న వల. విజయనగరంలో ఇంటి ముందుగదిలో మూడడుగుల గాజుతొట్టె ఖాళీగా ఉంది. ఉప్పునీళ్లు పోసి, రాళ్లు పేర్చి, చేపలూ రొయ్యలూ వదిలి అందులో ఓ సముద్రం కట్టాలని నీ సరదా. షాపులో కొంటే వేలల్లో మాట. ఇక్కడైతే ఊరికే దొరుకుతాయని పూసపాటిరేగ మీదుగా బండేసుకుని వచ్చేశావు.

అమావాస్య మర్నాడు. మధ్యాహ్నం మూడు దాటింది. అమావాస్యకీ పున్నానికీ నీరు బాగా లోపలికి తీస్తుంది, అంత గట్టిగానూ తిరిగి వస్తుంది. ఆటుకీ పోటుకీ తేడా ఈ తీరంలో దాదాపు మీటరున్నర. నువ్విప్పుడు పొడిగా నిలబడ్డ ఈ బండ మీద రాత్రికి నీ ఛాతీలోతు నీళ్లుంటాయి. నీకు రెండు గంటలున్నాయి, అంతే.

పక్క బండ మీద ఓ తాత గేలం వేసుకుని కూర్చున్నాడు. తలకి తువ్వాలు. నీ బకెట్టు వంక చూస్తాడు.

"ఏటి బాబూ, పీతలకేటి?"

"కాదు తాతా, ఇంట్లో అక్వేరియం పెడదామని."

"ఒకే తొట్లోనా అన్నీ?"

నువ్వు తలూపుతావు. ఆయన మరేం అనడు. గేలం తాడు వేలికి చుట్టుకుంటాడు.

రాళ్ల మధ్య మడుగు. ఒక చాప పరిచినంత కూడా లేదు. మోకాళ్ల మీద కూర్చో. ముందు ఆకాశమే కనిపిస్తుంది. తల కాస్త పక్కకి వంచు. ఇప్పుడు అడుగు తేలుతుంది.

రాతిగోడకి తెల్లటి గుల్లలు వందలుగా అంటుకుని ఉన్నాయి. వాటి మీద బూడిదరంగు నత్త ఒకటి, నీ బొటనవేలంత. నిద్రపోతోందనుకుంటావు. వేలితో కదిపి, ఎత్తి చూడు. దాని కింద గుల్లకి గుండ్రటి కన్నం, సగం దాకా పడింది. నత్త నాలుక ఆకురాయి. ఒక గ్రంథి నుంచి ఆమ్లం వదిలి గుల్లని మెత్తబరుస్తుంది, నాలుకతో గీకుతుంది, మళ్లీ ఆమ్లం, మళ్లీ గీకుడు. గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజులు. లోపలి జీవి పారిపోలేదు, అది రాయికి అతుక్కుపోయి ఉంది. కళింగపట్నం ఇసుకలో పిల్లలు ఏరుకునే చిప్పల్లో కొన్నింటికి తీర్చిదిద్దినట్టు ఒక్క కన్నం ఉంటుంది చూశావా, దండ గుచ్చుకోవడానికి వీలుగా? అది ఇసుకలో తిరిగే మరో రకం నత్త చేసిన పని. ఆ కన్నంలోంచే చిప్పలోని ప్రాణిని తినేసింది.

నత్తని తిరిగి రాతికి ఆనించెయ్. నీక్కావలసింది రంగులున్నవి.

అదిగో, చేప. పసుపు వీపు, ఒంటి మీద ఐదు నల్లచారలు, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. వల దించు. తప్పించుకుంది. మళ్లీ దించు. పడింది! బకెట్టులో వెయ్. గాజులాంటి రొయ్యలు, లోపలి పేగు కూడా కనిపించేవి, రెండు. వెయ్. ఖాళీ శంఖంలో కాపురం పెట్టిన పీత. అదీ వెయ్. ఇంకో రొయ్య ఉంది, ఆ మూల. నువ్వు ముందుకి వంగుతావు, నీ నీడ మడుగు మీద పడుతుంది. రొయ్య బెదిరి వెనక్కి ఎగురుతుంది.

వెనక సీ అనిమోన్ ఉంది.

ఆకుపచ్చగా, పువ్వు విచ్చుకున్నట్టు ఉంది కదా అని ఇందాకణ్ణించి నువ్వే మెచ్చుకుంటున్నావు. రొయ్య దాని రేకుకి తగిలింది. తగిలిన చోటే ఆగిపోయింది. ఒక్కసారి కొట్టుకుంది. ఇంకో రేకు వంగింది. మరొకటి. ఇప్పుడు రొయ్య కదలట్లేదు. రేకులన్నీ కలిసి దాన్ని మధ్యలో ఉన్న నోటికి అందిస్తున్నాయి, నిమ్మళంగా.

నీ చూపుడువేలు పెట్టి చూడు. జిగురుగా లాగుతుంది. అది జిగురు కాదు. కంటికి ఆనని విషపు ముళ్లు నీ చర్మంలోకి దిగుతున్నాయి. నీ తోలు మందం కనక నీకు తెలియట్లేదు. రొయ్యకి ఆ అదృష్టం లేదు.

పైకి లేవబోతూ ఇంకోటి చూస్తావు. మడుగు అడుగున, ఇసుకలో సగం కూరుకుని, శంకువులా ఓ గవ్వ. గోధుమరంగు మీద తెల్లటి గళ్లు. ఇంత అందమైనది షోకేసుల్లోనే చూశావు. చెయ్యి దానంతటదే సాగుతుంది.

ఆగు.

సన్నటి కొస చూడు. చిన్న గొట్టం బయటికి వచ్చి నీటిని వాసన పడుతోంది. గవ్వ ఖాళీగా లేదు.

"సెయ్యెట్టకు బాబూ! దాన్నొగ్గెయ్!" తాత అరుస్తాడు. లేచి నిలబడ్డాడు కూడా.

ఇది కోన్ నత్త. దీని పన్ను బోలుగా ఉన్న ముల్లు. తొండం చాపి, ఆ ముల్లుని ఈటెలా పొడిచి, అందులోంచి విషం ఎక్కిస్తుంది. ఆ తొండం వంగి పెంకు పొడవునా తిరగగలదు, కాబట్టి ఎటు పట్టుకున్నా భద్రం కాదు. చాలా రకాలు పురుగుల్నో తోటి నత్తల్నో తింటాయి. కొన్ని మాత్రం ఏకంగా చేపల్ని వేటాడతాయి. వాటిలో జియోగ్రాఫర్ అనే రకం మనుషుల్నీ చంపింది. విరుగుడు మందు లేదు. అలాంటి మరో కోన్ నత్త విషం ఆధారంగా తయారైన నొప్పి మందు, జికోనొటైడ్, 2004లో అమెరికాలో అనుమతి పొందింది. నీ ముందున్నది ఏ రకమో నీకు తెలుసా? తెలియదు. చెయ్యి వెనక్కి తీసుకో.

తాత కూర్చుంటాడు. నీ గుండె కుదుటపడుతుంది. తొట్టెలో పెట్టడానికి రాయి ఒకటి తీసుకుని వెళ్లిపోదాం అనుకుంటావు. పగడం ఉన్న రాయి జోలికి పోకు. రాతి పగడాలూ సముద్రపు గుర్రాలూ 2001లో పులి ఉన్న జాబితాలో, వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేరాయి. అందుకని మామూలు రాయే ఎంచావు. కొబ్బరికాయంత, కన్నాలు కన్నాలుగా, గులాబీరంగు పొర కట్టి ముచ్చటగా ఉంది. బకెట్టులో దించావు. నీళ్లు పైకొచ్చాయి.

నాలుగున్నర. ఎండ తగ్గింది. బకెట్టు పక్కన పెట్టుకుని మంచినీళ్లు తాగుతున్నావు.

టక్.

బకెట్టు గోడకి గులకరాయి తగిలినట్టు. చుట్టూ చూస్తావు. ఎవరూ వెయ్యలేదు.

టక్. టక్.

లోపలికి చూడు. శంఖం ఉంది. దాని అంచు విరిగి ఉంది. పీత గోరు ఒకటి అడుగున విడిగా పడి ఉంది. చేప నీటిపైకి వచ్చి గోడకి అతుక్కున్నట్టు ఈదుతోంది. రాతి కన్నంలో రెండు కళ్లు. కాడల మీద. ఒకటి నిన్ను చూస్తోంది, ఇంకోటి చేపని.

మాంటిస్ రొయ్య. నీ వేలంత ఉంటుంది. బురదనేలల్లో ఉండే దీని బంధువులు విశాఖ రేవులో ట్రాలర్ వలల్లో పడుతూనే ఉంటాయి. వాటికి ముళ్లచేతులు, పొడుస్తాయి. రాతి కన్నాల్లో ఉండే ఈ రకానికి మాత్రం మోచేతి దగ్గర గుండ్రటి సుత్తి ఉంటుంది, బద్దలుకొడుతుంది. రంగుల నెమలి మాంటిస్ గుద్దుని కొలిచారు. సెకనుకి 23 మీటర్ల దాకా వేగం. ఆ వేగానికి నీరు చీలి బుడగలు పుడతాయి, అవి పేలి రెండో దెబ్బ వేస్తాయి. గురి తప్పినా ఆ పేలుడుకే పీత దిమ్మెరపోవచ్చు. 1998లో ఇంగ్లండులోని గ్రేట్ యార్మత్ సీ లైఫ్ సెంటర్లో నాలుగంగుళాల మాంటిస్ ఒకటి పావంగుళం మందమున్న అక్వేరియం అద్దాన్ని పగలగొట్టింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు టైసన్.

రీఫ్ ట్యాంకులు పెంచేవాళ్లకి ఈ టక్కుటక్కు బాగా తెలుసు. కొత్త రాయి తెస్తారు. రాత్రి లైటు ఆర్పాక చప్పుడు మొదలవుతుంది. వారానికో చేప తగ్గుతుంది. పగలు వెతికితే ఎవరూ ఉండరు. మడుగులో పీతకి వంద కన్నాలున్నాయి, చేపకి పోటు వచ్చినప్పుడల్లా దారి తెరుచుకుంటుంది. బకెట్టులో ఉన్నది ఒకే కన్నం, అందులో అది ఉంది.

చేప జారింది. కిందికి దిగింది.

టక్.

చేప పక్కకి ఒరిగింది. మొప్పలు కొట్టుకుంటున్నాయి. ఇంకా బతికే ఉంది.

రాయి బయటికి తీద్దామని చెయ్యి ముంచబోతావు. వద్దు! వేలు చీలుస్తుంది. మాంటిస్ పట్టేవాళ్లు దాన్ని బొటనవేలు చీల్చేది అని ఊరికే అనరు.

చల్లగా ఏదో మడమకి తగిలింది. నీళ్లు.

చూడు. ఇందాకటి మడుగు ఏది? అంచు లేదు. రెండు బండల మధ్య నువ్వు దాటొచ్చిన సందులో నురగ.

"పోటు తిరిగింది! లెగు బాబూ, లెగు!"

అల. మోకాలు తడిసింది. బకెట్టు ఊగింది. మోసుకుని దాటగలవా? లేవు. రెండు చేతులూ కావాలి.

ముందు చేప. బకెట్టు వంచు. మెల్లగా. రాయి కదలకుండా. చేప నీటితో పాటు జారింది. ఒరుగుతూనే ఉంది. తోక ఆడించింది. పోయింది. పీత, విరిగిన శంఖంతో సహా. తర్వాత రాయి. బోర్లించు. దబ్. అది దొర్లి బండ కిందికి చేరింది. కళ్లు కనపడలేదు.

ఇంకో అల. నడుం దాకా. కాలు జారింది. తాత చెయ్యి నీ మణికట్టు మీద. గట్టిగా. లాగుతున్నాడు. ఒక అడుగు. ఇంకోటి. రాయి. రాయి. ఇసుక.

ఇద్దరూ రొప్పుతూ నిలబడతారు. నీ మోకాలు గీరుకుపోయింది. తాత బకెట్టు అందుకుని లోపలికి తొంగి చూస్తాడు. అడుగున, గుప్పెడు నీళ్లలో, రొయ్య ఒకటి మిగిలిపోయింది.

"ఇది నీకక్కర్లేదు కదా?"

నువ్వు జవాబు చెప్పేలోగానే దాన్ని గేలానికి గుచ్చి, నడుం తిప్పి, పొంగుతున్న నీటిలోకి విసిరేశాడు. ఇది పెద్ద చేపలు ఒడ్డుకి వచ్చే వేళట.