చీకటి గదిలో తెల్లాకు

చికోరి అంటే మనకు కాఫీపొడిలో కలిపేది. చిక్కబళ్లాపురంలో కాఫీగింజలు ఆడించేటప్పుడు "చికోరి ఎంత వేయమంటారు?" అని అడుగుతారే, అదే. దాని ఆకు కూడా తింటారని బెల్జియం వచ్చేదాకా నాకు తెలీదు.

నేనుండేది ల్యూవెన్‌లో. డిసెంబరులో నాలుగున్నర దాటగానే పొద్దు కుంకుతుంది. బాగేపల్లిలో నాలుగు చినుకులు పడితే చేలగట్ల మీద చెంచలాకు, దొగ్గలాకు ఒడినిండా కోసుకొచ్చేవాళ్లం. ఇక్కడ చలికాలం పెరట్లో లేతాకు ఊసే ఉండదు. అందుకే చికోరి ఆకును ఇంట్లో, అదీ చీకట్లో పెంచడం నేర్చారు.

దీనికి మొదలు నెపోలియన్. ఇంగ్లండు సరుకు యూరప్ గడప తొక్కకూడదని 1806లో హుకుం జారీ చేశాడు. ఓడల్లో వచ్చే కాఫీ కరువైంది. జనం చికోరి వేరు వేయించి పొడి కొట్టుకుని తాగారు, అలవాటు పడ్డారు. నెపోలియన్ ఓడాక 1815లో బెల్జియం గడ్డను డచ్చి రాజు కింద చేర్చారు. 1830 ఆగస్టు 25న బ్రసెల్స్‌లో ఒపెరా చూసిన జనం అటునుంచి అటే తిరగబడ్డారు. అక్టోబరు 4న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. (మనమూ తెల్లవార్లూ కురుక్షేత్రం నాటకం చూసినవాళ్లమే, ఇంటికెళ్లి పడుకున్నాం.)

ఆ గొడవల్లో యాన్ లామర్స్ అనే ఆయన కాఫీకని తవ్విన వేర్లను సెల్లార్‌లో మట్టి కప్పి వెళ్లాడనీ, నెలల తర్వాత వచ్చి చూస్తే తెల్లటి ఆకు లేచి ఉందనీ చెప్పుకుంటారు. కథే కావచ్చు. దాన్ని పొత్తులా బిగుతుగా ముడుచుకునేలా సాగుకు తెచ్చింది మాత్రం బ్రసెల్స్ బొటానికల్ గార్డెన్ పెద్ద తోటమాలి బ్రేసియర్స్, 1850 ప్రాంతంలో.

డచ్చి మాట్లాడేవాళ్లకు ఇది విట్‌లోఫ్, అంటే తెల్లాకు. ఇక్కడ ఫ్రెంచి మాట్లాడేవాళ్లకు షికోన్. భాష దగ్గర వీళ్ల పట్టింపు అంతా ఇంతా కాదు. 1962లో దేశం మధ్య భాషాగీతను చట్టంగానే గీశారు. 1968లో మా ల్యూవెన్ యూనివర్సిటీని భాష పేరుతో రెండుగా చీల్చాలని తేల్చారు. చింతామణి మార్కెట్టులో కన్నడ బోర్డు కింద తెలుగులో బేరమాడే మనకు ఇది వింతే.

పోయిన చలికాలం నేనూ వేశాను. నవంబరులో తవ్విన వేర్లు, తలమీద అంగుళం కాడ వదిలి ఆకు కోసేసినవి, సెల్లార్‌లో బకెట్‌లో నిలబెట్టి తడిమట్టి నింపి, పైన నల్ల బకెట్ బోర్లించాను. నెలకల్లా జానెడు లోపు పొత్తులొచ్చాయి. సందులోంచి వెలుతురు పడ్డ ఒక్కటి పచ్చబడింది. కొరికితే వేపాకే.

వీడియోలో చూసి అమ్మ, "ఏం నాయనా, దానికి ఎండ తగల్లేదా? పాండురోగం వచ్చినట్టుంది" అంది.

"ఎండ తగిలితే చేదెక్కుతుందమ్మా."

"మరి కోసినాక ఆ గడ్డలేం చేసినావు? ఆవుకన్నా పెట్టినావా?"

పారేశానని చెప్పడానికి నోరు రాలేదు. ఇక్కడి రైతులూ వాటిని ఆవులకే వేస్తారు.