షార్ట్‌కట్ ఉందని మనకి ఎవరు చెప్పాలి? మెనూలోంచి మాయమైన ఆ ఒక్క అక్షరం కథ

ఈ ఎపిసోడ్‌ని ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో చూస్తున్నవాళ్లు ఒక పని చేయండి. షిఫ్ట్ పట్టుకుని స్లాష్ కీ నొక్కండి, అంటే ప్రశ్నార్థకం గుర్తు. యూట్యూబ్‌లో ఒక పెద్ద లిస్టు తెరుచుకుంటుంది. 'కే' నొక్కితే వీడియో ఆగుతుంది, 'జే' నొక్కితే 10 సెకన్లు వెనక్కి, 'ఎల్' నొక్కితే 10 సెకన్లు ముందుకి. రోజూ గంటలు గంటలు యూట్యూబ్ చూస్తాం కదా, అయినా ఈ లిస్టు ఉందనే చాలామందికి తెలీదు. నాకు కూడా బీటెక్ అయిపోయి, ఉద్యోగంలో చేరాక తెలిసింది. అదీ ఎక్కడా చదివి కాదు, పక్క సీట్లో ఉన్నవాడు టకటకా నొక్కుతుంటే చూసి.

సో, ఇవాళ్టి ప్రశ్న ఇది. షార్ట్‌కట్ పెట్టారు, బాగుంది. కానీ అది ఉందని మనకి చెప్పాల్సింది ఎవరు? చిన్న ప్రశ్నలా ఉంది కానీ దీనికి 1970ల చివర్లోనే ఒక మంచి జవాబు ఉండేది. 1984 నాటికి ఇంకో మంచి జవాబు వచ్చింది. వెబ్‌సైట్లు వచ్చాక రెండూ చేజారిపోయాయి.

చరిత్రలోకి వెళ్లేముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. ఈ టాపిక్ మీద నాకు ఇంత ఇంట్రెస్ట్ రావడానికి కారణం అదే.

నేను కోడ్ రాసే రోజుల్లో, కస్టమర్ కంప్లయింట్లు చూసుకునే ఒక టికెట్ టూల్ మా టీమ్ చేతిలో ఉండేది. దానికి షార్ట్‌కట్లు పెట్టింది నేనే. 'జే' నొక్కితే తర్వాతి టికెట్, 'కే' నొక్కితే ముందు టికెట్, 'ఈ' నొక్కితే ఆ టికెట్ క్లోజ్ అయిపోయి తర్వాతిది వస్తుంది. ప్రశ్నార్థకం నొక్కితే మొత్తం లిస్టు. డెమోలో చప్పట్లు కొట్టారు. రెండు నెలల తర్వాత లాగ్స్ తీసి చూస్తే వాడుతున్నది నేనూ, మా టీమ్‌లో ఇంకో ఇద్దరూ. రోజంతా ఆ టూల్‌లోనే ఉండే సపోర్ట్ వాళ్లు ఒక్కరు కూడా వాడట్లేదు.

ఆ సపోర్ట్ టీమ్‌లో ఒక అక్క ఉండేవారు. మణికట్టు నొప్పి వల్ల టైపింగ్ మానేసి, నోటితో చెప్తే అక్షరాలు పడే సాఫ్ట్‌వేర్ వాడేవారు. ఒకరోజు కర్సర్ రిప్లై బాక్సులో ఉందనుకుని ఒక వాక్యం చెప్పారు. కర్సర్ అక్కడ లేదు. ఆవిడ చెప్పిన వాక్యంలోని అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా పేజీకి వెళ్లాయి. ఇంగ్లీష్ వాక్యంలో 'ఈ' అక్షరం ఎన్నిసార్లు వస్తుందో మీకు తెలుసు. వచ్చిన ప్రతిసారీ ఒక టికెట్ క్లోజ్. నా దగ్గరికి వచ్చి, "నేనేం నొక్కలేదు తమ్ముడూ, మాట్లాడానంతే" అన్నారు. ఏదో పాడుచేశాననుకుని భయపడుతున్నారు. పాడుచేసింది నేను. ఆ షార్ట్‌కట్ ఉందని కూడా ఆవిడకి తెలీదు. ఉపయోగపడాల్సినవాళ్లకి కనపడలేదు, కనపడనివాళ్లని పట్టుకుని దెబ్బతీసింది.

సరే, ఇప్పుడు వెనక్కి వెళ్దాం. వర్డ్‌స్టార్ పేరు విన్నారా? 90లలో మన ఊళ్లలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లకి వెళ్లినవాళ్లని అడగండి. వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ అని కోర్సు ఉండేది. మా మామయ్యకి ఆ కోర్సులో మిగతావేవీ గుర్తులేవు కానీ ఫైల్ సేవ్ చేసి బయటికి రావాలంటే కంట్రోల్ 'కే' తర్వాత 'డీ' అని ఇప్పటికీ చెప్తాడు. 

ఆ ప్రోగ్రామ్ రాసింది రాబ్ బార్నబీ అనే ప్రోగ్రామర్. అప్పటి కీబోర్డులు చాలావాటికి బాణం గుర్తు కీలు లేవు, మౌస్ సంగతి సరేసరి. అందుకే కర్సర్ కదపడానికి కంట్రోల్‌తో పాటు 'ఈ' పైకి, 'ఎక్స్' కిందికి, 'ఎస్' ఎడమకి, 'డీ' కుడికి. కీబోర్డు చూడండి, ఈ నాలుగూ ఒక డైమండ్ ఆకారంలో ఉంటాయి. ఇదంతా గుర్తుపెట్టుకునేదెలా? స్క్రీన్ పై భాగంలోనే ఏ కీ ఏం చేస్తుందో రాసి ఉండేది. ఉన్నవి కొన్ని లైన్లే, అందులో చాలా చోటు దీనికే ఇచ్చేశారు. అలవాటయ్యాక హెల్ప్ లెవెల్ తగ్గించుకుంటే ఆ మెనూ తొలగిపోతుంది.

అసలు తెలివి ఇంకోచోట ఉంది. కంట్రోల్ 'కే' నొక్కి వెంటనే రెండో అక్షరం కొట్టేశారనుకోండి, పని అయిపోతుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు. కంట్రోల్ 'కే' నొక్కి కాస్త ఆగారనుకోండి, "తర్వాత ఏం నొక్కచ్చో ఇవిగో" అని మెనూ వస్తుంది. అంటే తెలిసినవాడిని ఆపదు, ఆగినవాడికి చెప్తుంది. నేర్చుకునేవాడూ నేర్చేసుకున్నవాడూ నొక్కేది అవే కీలు. మధ్యలో తేడా ఒక్క క్షణం ఆలస్యం, అంతే. ఇంత సింపుల్ ఐడియా మళ్లీ చూడ్డానికి నాకు తెలిసి చాలా ఏళ్లు పట్టింది.

దీనికి పూర్తిగా ఆపోజిట్ వర్డ్‌పర్‌ఫెక్ట్. తెరిస్తే దాదాపు ఖాళీ స్క్రీన్. ఫంక్షన్ కీలు ఉత్తగా, షిఫ్ట్‌తో, ఆల్ట్‌తో, కంట్రోల్‌తో నాలుగు రకాలుగా పనిచేస్తాయి. ఇవన్నీ గుర్తుండవు కాబట్టి కీబోర్డు మీద పెట్టుకునే ఒక పట్టీ బాక్సులోనే ఇచ్చేవాళ్లు. నవ్వొచ్చినా, అదీ నిజాయితీ అయిన పరిష్కారమే. వేళ్లు ఉన్నచోటే సమాచారం పెట్టారు.

ఇక 1983, 84. యాపిల్ లీసా, తర్వాత మ్యాకింటోష్. కట్, కాపీ, పేస్ట్ అనే ఆలోచన అంతకుముందే జెరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ చేసిన జిప్సీ అనే ఎడిటర్‌లో ఉంది. టెస్లర్ తర్వాత యాపిల్‌కి వెళ్లి లీసా మీద పనిచేశాడు. మనం ఇవాళ వాడే 'జెడ్', 'ఎక్స్', 'సీ', 'వీ' వరస అక్కడిదే. పక్కపక్కనే నాలుగు కీలు.

మ్యాక్ చేసిన గొప్ప పని ఏంటంటే, మెనూలో ప్రతి పని పక్కనా దాని షార్ట్‌కట్ రాసిపెట్టడం. కాపీ చేద్దామని ఎడిట్ మెనూ తెరుస్తారు, కాపీ అనే మాట పక్కనే ఒక గుర్తు, 'సీ' అక్షరం. మీరు వెతకలేదు, ఎవరూ పాఠం చెప్పలేదు. పది సార్లు అదే దారిలో వెళ్తే పదకొండోసారి చెయ్యి కీబోర్డు మీదకి పోతుంది.

ఆ గుర్తు కథ కూడా బాగుంటుంది. మొదట అక్కడ యాపిల్ లోగోనే ఉండేది. మెనూ తెరిస్తే లైన్‌కో యాపిల్ పండు. లోగోని ఇలా ఎడాపెడా వాడేస్తారా అని స్టీవ్ జాబ్స్‌కి నచ్చలేదు. అప్పుడు సూసన్ కేర్ గుర్తుల పుస్తకం తిరగేసి, నాలుగు మూలలా మెలికలున్న ఒక గుర్తు పట్టుకొచ్చింది. స్వీడన్‌లో చూడదగ్గ ప్రదేశాల దగ్గర పెట్టే బోర్డు మీది గుర్తు అది. ఇప్పుడు ప్రతి మ్యాక్ కీబోర్డు మీదా ఉన్న కమాండ్ గుర్తు అదే. షార్ట్‌కట్‌ని మెనూలో చూపించాల్సి వచ్చింది కాబట్టే ఆ గుర్తు వచ్చిందన్నమాట.

అయితే మెనూలో రాసేస్తే అందరూ నేర్చేసుకున్నారా అంటే, లేదు. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో మైక్రోసాఫ్ట్ వర్డ్ బాగా అలవాటున్న 251 మందిని అడిగితే, ఎక్కువ మంది మామూలు పనులకి కూడా ఐకాన్లే నొక్కుతున్నామన్నారు. నాకు దీంట్లో వింతేం కనపడలేదు. అప్పటికి టూల్‌బార్లు వచ్చేశాయి. జనం వెళ్లేది ఐకాన్ దగ్గరికి, షార్ట్‌కట్ రాసి ఉన్నది మెనూలో. ఊరు మొత్తం బైపాస్ రోడ్డు మీద పోతుంటే బోర్డు పాత రోడ్డులో పెట్టినట్టు.

ఇప్పుడు వెబ్. వెబ్‌సైట్‌కి మెనూ బార్ లేదు, అది బ్రౌజర్ సొత్తు. 1997 డిసెంబర్‌లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4లో యాక్సెస్ కీ అని ఒకటి పెట్టారు. ఈ లింక్‌కి ఈ అక్షరం అని పేజీ రాసేవాడు చెప్తాడు. దాన్ని అండర్‌లైన్ చేసో ఇంకోలాగో చూపించే బాధ్యత బ్రౌజర్‌కి వదిలేశారు. బ్రౌజర్లు దాదాపుగా చూపించలేదు. నా దృష్టిలో మొత్తం కథ చెడింది ఇక్కడే. పైగా ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కో కాంబినేషన్. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆల్ట్, ఫైర్‌ఫాక్స్ 2 నుంచి ఆల్ట్ షిఫ్ట్, మ్యాక్‌లో ఇంకోటి. సైట్‌వాడు "ఇది నొక్కండి" అని రాద్దామన్నా ఏది రాయాలి?

దీన్ని సరిగ్గా పట్టించుకున్న పెద్ద సైట్ వికీపీడియా. తెలుగు వికీపీడియా తెరిచి, వెతికే పెట్టె మీద మౌస్ కాసేపు ఆపండి. చిన్న వివరణ వస్తుంది, చివర్లో బ్రాకెట్లో ఏ కీలు నొక్కాలో ఉంటుంది, మీ బ్రౌజర్‌కి తగ్గట్టు. కాస్త ఆగినవాడికి చెప్పడం, వర్డ్‌స్టార్ లాగానే. కాకపోతే మౌస్ పట్టుకున్నవాడికే కనపడుతుంది. కీబోర్డు మీదే ఆధారపడ్డవాడికి ఇది చాలదు.

2004లో జీమెయిల్ వచ్చింది. వీళ్ల ముందున్న ఇబ్బంది చూడండి. కంట్రోల్‌తో ఉండే మంచి కీలన్నీ బ్రౌజర్ ముందే తీసేసుకుంది. ఆల్ట్ సంగతి ఇందాకే చెప్పా. మిగిలింది ఉత్త అక్షరాలు. అందుకే 'జే', 'కే'. ఇవి 'వీఐ' అనే ఎడిటర్ నుంచి వచ్చాయి. బిల్ జాయ్ 1976 ప్రాంతంలో బర్కిలీలో దాన్ని రాశాడు. ఆయన వాడిన టెర్మినల్ పేరు ఏడీఎం 3ఏ. దాని కీబోర్డు ఫోటో చూస్తే 'హెచ్', 'జే', 'కే', 'ఎల్' కీల మీద బాణాలు అచ్చువేసి ఉంటాయి! అంటే అప్పుడు అది రహస్యం కానేకాదు, కీ మీదే కనపడుతోంది. మనవాళ్లు అక్షరాన్ని తెచ్చుకున్నారు, బాణాన్ని అక్కడే వదిలేశారు.

యూట్యూబ్ 'జే', 'కే', 'ఎల్' వచ్చింది వేరే వంశం నుంచి, వీడియో ఎడిటింగ్ నుంచి. అందుకే అదే 'జే' జీమెయిల్‌లో తర్వాతి మెయిల్‌కి, యూట్యూబ్‌లో వెనక్కి. ఇంక మనం ఊహించి నొక్కే అవకాశం ఎక్కడుంది?

ఈ గందరగోళానికి వెబ్ కనిపెట్టిన మందు ప్రశ్నార్థకం. జీమెయిల్, గిట్‌హబ్, యూట్యూబ్, అన్నిట్లోనూ అదే. లిస్టు బాగుంటుంది, కానీ ప్రశ్నార్థకం నొక్కాలని ముందే తెలిసుండాలి. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు.

ఇంకోటి, ఇది మనకి నేరుగా తగిలేది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఆన్‌లో ఉంటే 'కే' కీ నొక్కితే పడేది 'క', 'జే' నొక్కితే 'ర', స్లాష్ నొక్కితే 'య'. సైట్ కోడ్ ఇంగ్లీష్ అక్షరం కోసం ఎదురుచూస్తుంటే దానికి 'ర' అందుతుంది, ఏమీ జరగదు. ఎర్రర్ కూడా రాదు. కోడ్‌లో అక్షరాన్ని కాకుండా కీ ఉన్న స్థానాన్ని చూసే మార్గం ఉంది, కానీ నేను రాసినప్పుడు ఆ ఆలోచనే రాలేదు. తెలుగులో టైప్ చేసే నేనే మర్చిపోయానంటే ఇంకెవరికి గుర్తుంటుంది.

చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లది మరో తంటా. ఎన్‌వీడీఏలో పేజీ చదువుతున్నప్పుడు 'కే' అంటే తర్వాతి లింక్, 'హెచ్' అంటే తర్వాతి హెడింగ్. సైట్ పెట్టిన 'కే' సైట్‌దాకా రాదు. 2018 జూన్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణాల్లో దీని గురించి ఒక రూల్ పెట్టారు, నంబర్ 2.1.4. ఉత్త అక్షరంతో షార్ట్‌కట్ పెడితే దాన్ని ఆపేసే వీలుండాలి, లేదా మార్చుకునే వీలుండాలి, లేదా ఆ భాగం మీద ఫోకస్ ఉన్నప్పుడే పనిచేయాలి. మాటతో టైప్ చేసేవాళ్లని కూడా దృష్టిలో పెట్టుకుని రాసిన రూల్ ఇది. మా అక్కకి జరిగింది ప్రపంచంలో ఎంతమందికి జరిగితే అది రూల్ అయ్యిందో!

మంచి వార్త ఏంటంటే పాత ఐడియాలు తిరిగొస్తున్నాయి. ఆఫీస్ 2007లో ఆల్ట్ నొక్కితే ప్రతి బటన్ పక్కనా దాని అక్షరం వస్తుంది. 2015 నుంచి ఐప్యాడ్‌కి కీబోర్డు తగిలించి కమాండ్ కీని పట్టుకుని ఉంచితే ఆ యాప్ షార్ట్‌కట్లన్నీ కనపడతాయి. ఇది అచ్చం వర్డ్‌స్టారే, ఆగితే చెప్తుంది. అదే ఏడాది వచ్చిన వీఎస్ కోడ్‌లో కమాండ్ ప్యాలెట్ తెరిచి మీకు కావలసిన పనిని మాటల్లో టైప్ చేస్తే, ఆ పని పక్కనే దాని షార్ట్‌కట్ రాసి ఉంటుంది. 1984 నాటి మెనూ లైనే, కొత్త చొక్కా వేసుకొచ్చింది. ఇప్పుడు చాలా వెబ్‌సైట్లలో కంట్రోల్ 'కే' నొక్కితే ఇలాంటి పెట్టె వస్తుంది. ఆ వెతికే పెట్టెలోనే కంట్రోల్ 'కే' అని సన్నగా రాసి ఉంచుతున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ సన్నటి అక్షరాలే.

నా టూల్ ఏమైందంటారా? ఉత్త అక్షరాల షార్ట్‌కట్లు డిఫాల్ట్‌గా ఆపేశాను, కావలసినవాళ్లు సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకుంటారు. క్లోజ్ చేశాక వెనక్కి తీసుకునే బటన్ పెట్టాను. క్లోజ్ అనే బటన్ మీదే, చిన్న అక్షరాల్లో, కంట్రోల్ ఎంటర్ అని రాశాను. రాయడానికి పట్టిన టైమ్ పది నిమిషాలు. ఆ వారమే సపోర్ట్ టీమ్‌లో ఒకతను కాఫీ దగ్గర పట్టుకుని, "బ్రో, కీబోర్డు షార్ట్‌కట్లు భలే పెట్టావ్, ఎప్పుడు పెట్టావ్?" అన్నాడు. అప్పటికి ఏడాది దాటింది.